మూడున్నర వేల దగ్గర ఆగిపోయిన అద్దె చట్టం: తెలంగాణ ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, పురపాలక, గృహనిర్మాణ, న్యాయ, ఇంధన శాఖల బాధ్యతలు చూస్తున్న పెద్దలకు, హైదరాబాద్, చుట్టుపక్కల నియోజకవర్గాల శాసనసభ్యులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో నెలకు 5 వేల నుంచి 15 వేల దాకా అద్దె కట్టుకుంటూ బతికే కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాం. అద్దెకుండేవాళ్లం, అద్దె తగాదాలు చూసే న్యాయవాదులం, బస్తీల్లో పనిచేసేవాళ్లం కలిసి దీన్ని తయారుచేశాం. ఇవే విషయాలు వినతిపత్రాలుగా ఇప్పటికే ఇచ్చాం. అందినట్టు ముద్ర పడింది, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

అసలు మాట ముందే చెప్తాం. తెలంగాణలో అద్దెదారుకు రక్షణ ఇచ్చే చట్టం ఒకటి ఉంది. ఆ చట్టం వర్తించే ఇల్లు మాత్రం హైదరాబాద్‌లో వెతికినా దొరకడం కష్టం. ఎందుకంటే నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ ఇల్లు దాని కిందికి రాదు. ఆ అంకె 2005లో పెట్టింది. ఇరవై ఏళ్లు దాటిపోయినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ చట్టం 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మనకు వచ్చింది. అందులో ఏముందో ఇవాళ అద్దెకుండే చాలామందికి తెలియదు. ఓనరు ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అద్దె ముట్టినప్పుడల్లా రసీదు ఇవ్వాలి. ఓనరు అద్దె తీసుకోనని మొండికేస్తే దాన్ని జమచేసే దారి అద్దెదారుకు ఉంది. నీళ్లు, కరెంటు లాంటి సదుపాయాలు ఆపకూడదు. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని రెంట్ కంట్రోలర్‌ను అడగొచ్చు. చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి రుజువైతేనే ఖాళీ చేయించాలి. ఇవాళ అద్దెదారులు అడుగుతున్నవాటిలో సగం అరవై ఏళ్ల కిందటే రాసిపెట్టారన్నమాట.

రాసిన చేత్తోనే మినహాయింపులూ రాశారు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మొదట్లో ఈ చట్టం వర్తించేది కాదు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించాలన్నది అప్పటి ఉద్దేశం. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట్లో సబబుగా ఉన్న నిబంధన కూడా ఏళ్లు గడిచేకొద్దీ వివక్షగా మారుతుందని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం కొత్త జీవో ఇచ్చింది: కట్టి పదేళ్లు నిండని ఇళ్లకూ, నెల అద్దె 1,000 రూపాయలు దాటిన ఇళ్లకూ మినహాయింపు. 2005 సవరణతో ఆ పదేళ్లు పదిహేనేళ్లయ్యాయి. వెయ్యి రూపాయల పరిమితి కార్పొరేషన్ల పరిధిలో 3,500కు, మిగతా చోట్ల 2,000కు పెరిగింది.

2005లో 3,500 అంటే మధ్యతరగతి వాళ్ల రెండు గదుల ఇంటి అద్దె. ఇప్పుడు ఆ డబ్బుకు బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో రేకుల గది దొరికితే గొప్ప. నాడు పెద్ద అద్దెలవాళ్లను వేరుచేయడానికి పెట్టిన గీత ఇప్పుడు ఇళ్లల్లో పనిచేసే మనిషినీ, సెక్యూరిటీ గార్డునూ, డెలివరీ కుర్రాణ్నీ, ప్రైవేటు స్కూలు టీచరునూ బయటికి నెట్టేసింది. కాలం గడిచి సబబు వివక్షగా మారడమంటే ఏమిటో 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఈ 3,500కు కూడా వర్తిస్తుందని మా నమ్మకం.

బయటికి నెట్టినవాళ్లకు మిగిలేది ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పనక్కర్లేదు. అడ్వాన్స్ తిరిగి రాకపోతే సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. 18 వేల అడ్వాన్స్ కోసం ఎన్ని వాయిదాలు తిరగాలో, ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేసుకున్న మనిషి ఆ డబ్బు వదిలేసుకుంటాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు, అంటే దావాకు ముందే రాజీ కుదర్చమని కోరే కాగితం, ఖర్చు లేకుండా పెట్టొచ్చు, మేమూ పెట్టిస్తుంటాం. కానీ ఓనరు రానంటే, వచ్చి రాజీపడనంటే అక్కడితో ఆగిపోతుంది.

ఇక 11 నెలల అగ్రిమెంటు సంగతి. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలని రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి అందరూ 11 నెలలకు రాసుకుంటారు. వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, నెట్ సెంటర్‌లో ముందే టైపు చేసిపెట్టిన ఇంగ్లిష్ నమూనా. పేర్లు, అద్దె అంకె మారుస్తారు, మిగతాది ఎవరూ చదవరు. ఆ నమూనాల్లో మాకు పదేపదే కనిపించే లోపాలు ఇవి: అడ్వాన్స్ ఎప్పటిలోగా తిరిగివ్వాలో ఉండదు. చేరిన రోజు కరెంటు మీటరు రీడింగు ఉండదు. ఏ రిపేరు ఎవరిదో ఉండదు. సంతకాలయ్యాక అసలు కాగితం ఓనరు బీరువాలోకి పోతుంది, అద్దెదారు దగ్గర ఫోన్‌లో తీసిన ఫొటో కూడా ఉండదు. చిన్న అద్దెల పోర్షన్లలో చాలాచోట్ల ఈ మాత్రం కాగితం కూడా లేదు. నోటి మాటే.

ఇవన్నీ మామూలు కుటుంబాల మీద ఎలా పడుతున్నాయో వరుసగా చెప్తాం.

1. పెరిగే అద్దె. 11 నెలలకోసారి పది శాతం పెంచడం ఆనవాయితీ అయిపోయింది. వినడానికి చిన్నదే. 9,000 అద్దె మొదటి పెంపుతో 9,900, తర్వాత 10,890, ఆపైన 11,979, నాలుగోసారికి 13,177 అవుతుంది. 44 నెలలు, అంటే నాలుగేళ్లు కూడా నిండకుండానే 46 శాతం. ఇంటి ఆదాయం అదే కాలంలో అంత పెరిగిన కూలి కుటుంబం మాకైతే తారసపడలేదు. ఆదాయంలో మూడో వంతు లోపే అద్దె ఉండాలంటారు. నెలకు 18 వేలు సంపాదించే ఇంటికి అది 6,000. అసలు బతుకులో అద్దె, కరెంటు, నీళ్లు కలిపి సగం పోతోంది. కోత ఎక్కడ పడుతుందో ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెప్తారు: ముందు పాలు, తర్వాత కూరగాయలు, ఆ తర్వాత బీపీ మాత్రలు.

2. ఇల్లు మారే ఖర్చు. పెంపు కట్టలేనివాళ్లు మారిపోవచ్చు కదా అనేవాళ్ల కోసం ఈ లెక్క. 9,000 అద్దె పోర్షన్‌లోకి వెళ్లాలంటే రెండు నెలల అడ్వాన్స్ 18,000. మొదటి నెల అద్దె 9,000. బ్రోకరుకు సగం నెల 4,500. సామాను ట్రాలీకి, ఎత్తి దించేవాళ్లకు తక్కువలో తక్కువ 2,500. మొత్తం 34,000, అదీ ఒక్క రోజులో చేతిలో ఉండాలి. పాత ఇంటి అడ్వాన్స్ అప్పటికి రాదు. వచ్చినా పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకునే ఇస్తారు, గోడ మీద గీత లేకపోయినా సరే. ఈ 34 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,020 వడ్డీకే పోతుంది. అంటే వెయ్యి రూపాయల పెంపు తప్పించుకోవడానికి ఇల్లు మారితే వెయ్యి రూపాయల వడ్డీ నెత్తిన పడుతుంది. ఓనర్లకూ ఈ లెక్క తెలుసు. అద్దెదారు కదలలేడనే పెంపు అడుగుతారు.

3. కరెంటు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం పెడుతున్న డబ్బే దారిలో ఆగిపోతోంది. 2024లో గృహజ్యోతి మొదలైంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుందని ప్రభుత్వమే చెప్పింది. మంచి పథకం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాం. కానీ పోర్షన్లుగా కట్టిన ఇళ్లలో మూడు నాలుగు కుటుంబాలకు ఒకటే సర్వీసు నంబరు. పోర్షన్‌కో సబ్‌మీటరు పెట్టి ఓనరు యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తాడు.

మూడు కుటుంబాలు తలా 120 యూనిట్లు వాడాయనుకోండి. విడివిడి మీటర్లుంటే, 2022-23లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున 340, మిగతా ఇరవైకి 4.80 చొప్పున 96, స్థిర చార్జీలు పక్కనబెడితే ఒక్కో ఇంటికి 436 రూపాయలు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు గృహజ్యోతిలో అదీ లేదు. ఒకే మీటరు మీద మూడిళ్ల వాడకం 360 యూనిట్లవుతుంది. 200 దాటింది కాబట్టి మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, ఆపై అరవైకి 9 చొప్పున 540. మొత్తం 2,330. యూనిట్‌కు పది రూపాయలు తీసుకునే ఓనరు చేతికి వచ్చేది 3,600. సున్నా కట్టాల్సిన కుటుంబం 1,200 కడుతోంది, ఏడాదికి 14,400. ఆ ఇంటికి ఇది ఒకటిన్నర నెలల అద్దె కంటే ఎక్కువ.

అన్ని చోట్లా ఓనరు దురాశే దీనికి కారణమని మేం అనం. రెండో మీటరు అడగాలంటే డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. అనుమతి లేకుండా వేసిన పై అంతస్తుకు మీటరు అడగడమంటే తప్పు తానే ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ భయానికి మూల్యం మాత్రం కింది పోర్షన్‌లో ఉన్నవాళ్లు చెల్లిస్తున్నారు.

4. నీళ్లు. 2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20 వేల లీటర్ల తాగునీరు ఉచితం. మామూలు ఇళ్లకు మీటరు పెట్టించి ఆధార్ జోడించుకుంటేనే అది వర్తిస్తుంది. ఆ పని చేయాల్సింది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లు. చేయకపోయినా ఓనరుకు పోయేదేమీ లేదు, ఎందుకంటే 'వాటర్ చార్జీ' అద్దెతోపాటే వచ్చేస్తుంది. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు కూడా తలా ఇంత అని పంచుతారు. ట్యాంకరు రసీదు ఎవరికీ చూపించరు.

5. అడ్రసు. ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారే కుటుంబానికి ఆధార్‌లో ఒక అడ్రసు, ఓటరు జాబితాలో ఒకటి, గ్యాసు బుక్కులో ఇంకొకటి. మార్పించుకోవాలంటే అద్దె రసీదో, కరెంటు బిల్లో, ఓనరు సంతకమో కావాలి. రేపు ఇల్లు తమదే అంటారేమోనని ఓనర్లు సంతకానికి వెనకాడతారు. ఇది ఉత్త అపోహ, కానీ బలమైన అపోహ. ఫలితంగా అంగన్‌వాడీలో పిల్లాడి పేరు పాత బస్తీలోనే ఉండిపోతుంది, సర్వేకు వచ్చినవాళ్లు తాళం చూసి వెళ్లిపోతారు, ఎన్నికల ముందు ఓటు పోయిందని తెలుస్తుంది. బడి మధ్యలో మారిన పిల్లలకు పోయేది ఇంకా పెద్దది.

6. గోడల బలం. చౌక అద్దెలు దొరికేది యాభై, అరవై గజాల స్థలంలో నాలుగైదు అంతస్తులు లేపిన భవనాల్లో. 75 గజాల లోపు స్థలానికి భవన అనుమతుల చట్టం (టీజీ బీపాస్) కింద ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్‌తో అనుమతి లేకుండా కట్టుకునే వీలుంది, అయితే అది కింది అంతస్తు, పైన ఒకటి వరకే. ఆపైన లేపినవి ఎవరి లెక్కలోనూ ఉండవు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంత తవ్వగానే అలాంటి భవనం ఒకటి పక్కకు ఒరిగింది. అందులోనివాళ్లు ప్రాణాలు దక్కించుకుని బయటికి పరుగెత్తారు. ఐటీ టవర్లకు కూతవేటు దూరంలో, ఆ టవర్లను ఊడ్చి తుడిచేవాళ్లు ఉండే బస్తీ అది. కూల్చివేతలు జరిగినప్పుడు ఓనరుకు పరిహారమా, ప్రత్యామ్నాయమా అన్న చర్చ నడుస్తుంది. సామాను, అడ్వాన్స్ రెండూ పోగొట్టుకున్న అద్దెదారు ఊసు ఆ చర్చలో ఉండదు.

7. చావు. దీన్ని రాయడానికి మాకు మాటలు సరిగా రావడం లేదు, అయినా రాయాలి. అద్దె ఇంట్లో ఉన్న మనిషి ఆసుపత్రిలో కన్నుమూస్తే శవాన్ని ఇంటికి తేవొద్దనే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. మైల అంటారు, మళ్లీ ఎవరూ అద్దెకు రారంటారు. నెలనెలా అద్దె కట్టిన ఇంటి గడప లోపలికి రానివ్వక శవాన్ని రోడ్డు పక్కన టెంటు కిందో, అంబులెన్సులోనో పెట్టుకుని బంధువుల కోసం ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. దినాలు అయ్యేదాకా వేరే చోటు చూసుకోమన్నవాళ్లూ ఉన్నారు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఈ భయం ముందునుంచే ఉంటుంది, పైకి ఎవరూ అనరంతే.

8. టులెట్ బోర్డు దగ్గర అడిగే ప్రశ్నలు. 'మీరేమోళ్లు?', 'నాన్‌వెజ్ వండుతారా?', 'మీ ఆయన ఏడీ?' ఒంటరి ఆడవాళ్లకు, దళితులకు, ముస్లింలకు, పెళ్లికాని కుర్రాళ్లకు ఇల్లు దొరికే చోట్లు తక్కువ. తక్కువ కాబట్టి అక్కడ అద్దె ఎక్కువ. కారణం కాగితం మీద ఉండదు కాబట్టి రుజువూ ఉండదు.

ఇల్లు కట్టించి ఇస్తున్నాం కదా అని మీరు అనొచ్చు. డబుల్ బెడ్రూమ్ ఇళ్లు కట్టారు, ఒక్క కొల్లూరులోనే 15,660. వచ్చినవాళ్లకు అది జీవితం మారిన రోజే, కాదనం. కానీ ఔటర్ రింగ్ రోడ్డు అంచున ఇల్లు వచ్చిన మనిషి పని అమీర్‌పేటలోనో సికింద్రాబాద్‌లోనో ఉంటే, రోజూ రెండేసి బస్సులు మారలేక మళ్లీ నగరంలోనే గది అద్దెకు తీసుకుంటున్నాడు. ఇందిరమ్మ ఇళ్లకు ఇచ్చే 5 లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకు పనికొస్తాయి. నగరంలో అద్దెకున్నవాళ్లకు జాగా ఎక్కడిది? కేంద్రం 2024లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో అద్దె ఇళ్ల నిర్మాణం ఒక విభాగంగా ఉంది. మన దగ్గర ఇంకా ప్రతి పథకమూ సొంతిల్లు ఇవ్వడం దగ్గరే ఆలోచిస్తోంది. రెండేళ్లు పనికోసం వచ్చి పోయే పాలమూరు వలస కుటుంబానికి కావాల్సింది పట్టా కాదు, ఆ రెండేళ్లూ భరించగల అద్దెకు ఒక గట్టి గది.

చట్టం విషయంలోనూ దారి తెలియనిదేం కాదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. తమిళనాడు 2017లో చేసిన చట్టాన్ని 2019 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తోంది, అక్కడ అగ్రిమెంటును ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే నంబరు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ కూడా 1960 చట్టం స్థానంలో 2017లోనే కొత్త చట్టం చేసుకుంది. ఆ పాత చట్టాన్ని అలాగే పట్టుకుని ఉన్నది మనమే.

అయితే నమూనా చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టమని మేం కోరడం లేదు. అందులో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అద్దె ఎంత పెంచొచ్చో అది చెప్పదు, మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇస్తే చాలు. రెండోది, గడువు తీరాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె కట్టాలి. పెద్ద షాపుల సంగతేమో గానీ, అడ్వాన్స్ చేతికి రాక కదలలేకపోతున్న కూలి మనిషి మీద ఈ నిబంధన పడితే అది దోపిడీ అవుతుంది.

మా డిమాండ్లు ఇవి.

1. 3,500, 2,000 రూపాయల పరిమితులను వెంటనే సవరించండి. కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, చిన్న సవరణ బిల్లు సరిపోతుంది. హైదరాబాద్ పరిధిలో 15 వేల దాకా అద్దె ఉన్న ఇళ్లు చట్టం కిందికి రావాలి. ఆ అంకెను మూడేళ్లకోసారి ధరల సూచీని బట్టి మార్చే ఏర్పాటు చట్టంలోనే ఉండాలి, లేకపోతే ఇంకో ఇరవై ఏళ్లకు ఇదే లేఖ ఇంకెవరో రాయాల్సి వస్తుంది.

2. ఈ ఇళ్లలో ఒకే అద్దెదారు ఉన్నంతకాలం పెంపు ఏడాదికి ఒకసారే, 5 శాతం లోపే ఉండాలి. నోటీసు మూడు నెలల ముందు రాతలో ఇవ్వాలి. వాట్సాప్ సందేశాన్నీ రాతగానే లెక్కించాలి.

3. పాత చట్టం ఒక నెల అడ్వాన్సే అన్నా రెండు నెలలకు మేం ఒప్పుకుంటాం, అంతకు మించకూడదు. తాళం ఇచ్చిన ఏడు రోజుల్లో తిరిగివ్వాలి. కోత పెడితే బిల్లు చూపించాలి. మనుషులు ఉంటే గోడలు మాయడం సహజం, దానికి పెయింటింగ్ డబ్బు పట్టడం నిషేధించాలి. నమూనా చట్టమే గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, పైపులు, వైరింగు ఓనరు బాధ్యతగానూ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు అద్దెదారు బాధ్యతగానూ పంచింది. ఆ జాబితాను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. అడ్వాన్స్ ముట్టేదాకా రెట్టింపు అద్దె నిబంధన వర్తించకూడదు.

4. తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఒక పేజీ అగ్రిమెంటు నమూనా ప్రభుత్వమే విడుదల చేయాలి. అద్దె, అడ్వాన్స్, తిరిగిచ్చే గడువు, కరెంటు, నీళ్ల మీటర్ల మొదటి రీడింగు, యూనిట్ రేటు, రిపేర్ల జాబితా, ఇద్దరి సంతకాలు, రెండు అసలు ప్రతులు. మీసేవలో 50 రూపాయలకు మించకుండా నమోదు, వెంటనే నంబరు. ఆధార్, ఓటు, రేషన్, గ్యాసు, బడి, అన్నిచోట్లా ఆ నంబరునే అడ్రసు రుజువుగా తీసుకోవాలి. నమోదు వల్ల ఇంటి మీద హక్కు రాదన్న వాక్యం నమూనాలోనే పెద్ద అక్షరాలతో ఉంటే ఓనర్ల భయమూ తీరుతుంది. ఈ వివరాలు చూసి చిన్న ఓనర్ల మీద పాత ఆస్తి పన్ను బకాయిలు వేయబోమని ముందే ప్రకటించండి. లేదంటే ఒక్కరూ నమోదుకు రారు.

5. పురపాలక సర్కిల్‌కో అద్దె అధికారి కావాలి. వకీలు లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి, 60 రోజుల్లో తేల్చాలి. నీళ్లు, కరెంటు ఆపిన ఫిర్యాదుల్లో 48 గంటల్లో పునరుద్ధరణ ఆదేశం రావాలి. సాయంత్రాలు, ఆదివారాలు కూడా పనిచేయాలి, ఎందుకంటే రోజుకూలి మనిషి బుధవారం పదకొండు గంటలకు ఆఫీసుకు రాలేడు.

6. పోర్షన్లకు విడి మీటర్లు. విడి వంటగది ఉన్న ప్రతి పోర్షన్‌కూ మీటరు ఇవ్వండి, డెవలప్‌మెంట్ చార్జీలు వాయిదాల్లో తీసుకోండి. అనుమతి లేని అంతస్తు అయినా లోపల ఉన్న కుటుంబానికి మీటరు ఇవ్వడం వేరు, కట్టడాన్ని క్రమబద్ధం చేయడం వేరని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి. అప్పటిదాకా సబ్‌మీటరు మీద ఓనరు తీసుకునే రేటు, ఆ నెల డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే వచ్చేదానికి పైసా మించకూడదు. పై ఉదాహరణలో అది 6 రూపాయల 47 పైసలు. బిల్లు కాపీ మెట్ల దగ్గర అతికించాలి. ఉచిత నీటికి మీటరు పెట్టించని ఓనరు వాటర్ చార్జీ వసూలు చేయకూడదు.

7. మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లకు, పారిశ్రామిక వాడలకు నడిచివెళ్లే దూరంలో ఉన్న ప్రభుత్వ జాగాల్లో అమ్మకానికి కాకుండా అద్దెకే ఇచ్చే ఇళ్లు కట్టండి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, ఉప్పల్ చుట్టూ మొదలుపెట్టొచ్చు. అద్దె కుటుంబ ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదు. కట్టి ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లలో కొన్నింటిని ఈ పద్ధతికి మార్చడం అన్నిటికంటే తొందరగా అయ్యే పని.

8. కూల్చివేత ఏదైనా, భవనం ప్రమాదకరమని తేల్చినా, అద్దెదారులను విడిగా లెక్కించాలి. ఓనరు అడ్వాన్స్ తిరిగివ్వకపోతే ప్రభుత్వం ముందు ఇచ్చి, తర్వాత ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసుకోవాలి. మూడు నెలల అద్దె సాయం కూడా ఇవ్వాలి.

9. చనిపోయిన మనిషిని తాను అద్దె కట్టిన ఇంటికి తీసుకురాకుండా అడ్డుకోవడం శిక్షార్హమని చట్టంలో రాయండి. ఒక ఇంటి ముందు గొడవపడే ఓపిక ఆ సమయంలో ఏ కుటుంబానికీ ఉండదు. కాబట్టి ప్రతి డివిజన్‌లో నీళ్లు, కరెంటు, ఫ్రీజర్ బాక్సు, దినకర్మలు చేసుకునే వరండా ఉన్న ఒక హాలు కట్టండి. అడిగిన గంటలో తాళం చేతికి రావాలి.

10. వార్డులవారీగా సగటు అద్దెలు ఆరు నెలలకోసారి ప్రచురించండి. ఆస్తి పన్ను లెక్కించడానికి పురపాలక శాఖ ఎలాగూ అద్దె విలువనే వాడుతోంది. పన్ను వేయడానికి ఉన్న లెక్క అద్దె మాట్లాడుకునే మామూలు మనిషికి కూడా కనిపించాలి.

ఇళ్ల యజమానులకూ ఒక మాట. మీలో చాలామంది పెద్ద ఆస్తిపరులు కాదని మాకు తెలుసు. రిటైరై ఆ అద్దెతోనే మందులు కొనుక్కునేవాళ్లున్నారు, పైపోర్షన్ కోసం తెచ్చిన అప్పుకు వాయిదాలు కట్టేవాళ్లున్నారు. ఆరు నెలలు అద్దె ఎగ్గొట్టి తాళం వేసుకుని పోయిన అద్దెదారులూ ఉన్నారు, ఇంకా చాలామంది ఖాళీ ఇల్లు అద్దెకివ్వడానికి భయపడేదీ అందుకే. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. రెండు నెలలు వరసగా అద్దె కట్టని వ్యక్తిని 60 రోజుల్లో ఖాళీ చేయించే అధికారి మీకూ కావాలి. పైన మేం అడిగిన ఐదో డిమాండ్ మీకూ పనికొచ్చేదే. ఈ లేఖ మీద మీరు కూడా సంతకం పెట్టాలని కోరుతున్నాం.

అద్దెలకు పగ్గం వేస్తే కొత్త ఇళ్లు కట్టడం ఆగిపోతుందని కొందరు అధికారులు మాతో అన్నారు. బొంబాయిలో దశాబ్దాలపాటు అద్దెలు కదలకుండా కట్టేసినందువల్ల పాత భవనాలు రిపేర్లు లేక శిథిలమైన మాట నిజమే. అందుకే మేం స్తంభింపజేయమనడం లేదు. ఏటా 5 శాతం పెంపు ఉంది, కొత్త అద్దెదారుతో కొత్త ధర మాట్లాడుకునే స్వేచ్ఛ ఉంది, 15 వేలు దాటిన ఇళ్ల జోలికి మేం రావడం లేదు. లగ్జరీ టవర్లు కట్టే బిల్డరు లెక్కను ఇది ఏ మాత్రం మార్చదు.

మాకు కావాల్సిన జవాబు ఇది: మొదటి డిమాండ్‌లోని సవరణ బిల్లును ఏ అసెంబ్లీ సమావేశాల్లో పెడతారో తేదీతో చెప్పండి. ఆరో డిమాండ్‌కు బిల్లు కూడా అవసరం లేదు, శాఖ ఉత్తర్వు, అవసరమైతే విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదం చాలు, దాన్ని ఎండాకాలం బిల్లులు రాకముందే ఇవ్వండి. ముసాయిదా రాయడానికి, పోర్షన్ల లెక్క తీయడానికి, నమూనా అగ్రిమెంటు తయారుచేయడానికి మా దగ్గరున్న కాగితాలన్నీ ఏ రోజు పిలిస్తే ఆ రోజు తెచ్చి మీ ముందు పెడతాం.

ఇట్లు,
అద్దెదారులు, న్యాయవాదులు, బస్తీ కార్యకర్తలు
హైదరాబాద్